వేలిముద్రలు వేయించినాయన

"టీచరమ్మా, బిళ్లాయన పోయాడంట. పొద్దున్నే కబురొచ్చింది."

కచేరీ గేటు దగ్గర మామిడిపండ్లు అమ్మే ఆవిడ ఈ మాట చెప్పి, నా సంచిలో వేస్తున్న పండ్లలోంచి ఒకటి వెనక్కి తీసుకుంది. "ఇది వద్దులే అమ్మా, మచ్చపడింది" అంది. ఏడవలేదు, తిట్టలేదు. "అయ్యో" అనబోయి ఆగిపోయాను. ఆవిడ ముందు ఆయన కోసం అయ్యో అనే యోగ్యత నాకు లేదు. అది నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

ఆయన మా ఊరి పాత కచేరీలో బంట్రోతుగా చేసి దిగిపోయిన మనిషి. నూజివీడు దాటి వస్తుంటే తోటల మధ్య తెల్లగా కనిపించే పెద్ద మిద్దె అదే. తూర్పు భాగంలో డిప్యూటీ తాసీల్దారు, పడమటి భాగంలో రిజిస్ట్రారు, ఇద్దరికీ కలిపి ఒక పొడుగాటి వరండా, ఇద్దరు చేతులు కలిపితే గాని అందని స్తంభాలు. ఈయనది రిజిస్ట్రారు వైపు. భుజం మీంచి ఎర్ర పటకా, దాని మీద ఇత్తడి బిళ్ల. ఆ బిళ్లను రోజూ చింతపండు పెట్టి తోమేవాడు కాబట్టి అది ఆయనకంటే ముందు కనిపించేది. అందుకని ఊరంతా బిళ్లాయన అనేది. ఉద్యోగం అయిపోయాక పటకా, బిళ్ల సర్కారుకు అప్పజెప్పేశాడు గానీ, మాట్లాడుతూ మాట్లాడుతూ ఉంటే చెయ్యి రొమ్ము మీదకు పోయి లేని బిళ్లను సరిచేసేది. మేం చాటున నవ్వుకునేవాళ్లం. నేను మిషను బడిలో ఆడపిల్లలకు పాఠాలు చెబుతాను. నవ్వకూడదని పిల్లలకు చెప్పేదాన్ని, నవ్వేదాన్ని.

చదువురానివాళ్ల చేత కాయితం మీద బొటనవేలి ముద్ర వేయించడం ఆయన పని. ఒక జన్మంతా అదే చేశాడు. అందుకని మనిషి ఎదురైతే ముఖం కంటే ముందు చేతివైపు చూసేవాడు. చనువున్నవాళ్లయితే మాటల్లో పడి బొటనవేలు పట్టేసుకునేవాడు. మా బడి పిల్లల వేళ్లు పట్టి చూసి, "ఈ పిల్ల కుట్టుపనికి పనికొస్తది, ఈ పిల్లకి కోపమెక్కువ" అని జోస్యాలు చెప్పేవాడు. సగం తప్పేవి.

"మొహానిదేముందమ్మా, ఎట్లా కావాలంటే అట్లా పెట్టుకుంటారు. వేలు అట్లా కాదు. భయమేస్తే చల్లబడుద్ది, కోపమొస్తే బిగుసుకుద్ది" అనేవాడు. పదేపదే అనేవాడు. విని విని మాకు విసుగొచ్చేది.

ఇంకో వింత ఏమిటంటే ఆయన మామిడిపండు ముట్టేవాడు కాదు. మా ప్రాంతంలో మామిడిపండు వద్దనడమంటే పెళ్లివారింట అన్నం వద్దనడం లాంటిది. వేసవిలో ఎవరింటికి వెళ్లినా మొదట చిన్న రసాలు గిన్నెలో వేసి ముందు పెడతారు. ఈయన రెండు చేతులూ జోడించి, "వంటికి పడదండీ" అనేవాడు. పోనీ కొనడా అంటే, కాపు మొదలవగానే గేటు దగ్గర ఆవిడ బుట్టలో మొదటి పండ్లు కొనేది ఆయనే. కొన్నవి తీసుకొచ్చి మా పిల్లలకు పంచేవాడు. ఆవిడ ముఖంలోకి చూసేవాడు కాదు. ఆవిడ చేతివైపు అసలే చూసేవాడు కాదు.

ఆవిడ గురించి కూడా ఊరికి ఒక మాట ఉంది. మొగుడు పోయి నెల తిరక్కుండా తోటమ్ముకుందని. కొన్నది మరిదే. మరిది పోయాడు, తోట ఇప్పుడు అతని పిల్లలది. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఆ తోటలోనే కాపలా ఉంటున్నాడు. తండ్రి తోటకు తాను కూలివాడినయ్యానని తల్లి మీద కోపం. ఆవిడ ఎదురైతే రోడ్డుకు అవతలి పక్కకు పోతాడు. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఈ మాట నాకు చెప్పనివాళ్లు లేరు. నేనూ విని, వచ్చిన కొత్తవాళ్లకు చెప్పాను.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఎండాకాలం ముందు కచేరీ పడగొట్టమని ఉత్తరువు వచ్చింది. మిద్దె కారుతోందట, పడగొట్టి ఇంకో ఊళ్లో కొత్తది కడతారట. ఊరు భగ్గుమంది. మేం బయటికి చెప్పుకున్నది చరిత్ర, పౌరుషం, పెద్దల నాటి కట్టడం. లోపల అందరి బాధా ఒకటే. కచేరీ పోతే మైలవరం నుంచీ బాపులపాడు నుంచీ పనుల మీద వచ్చేవాళ్లు రారు, వాళ్లు రాకపోతే హోటళ్లూ బండ్లూ వకీళ్ల ఇళ్లూ ఈగలు తోలుకోవాలి. ఏమైతేనేం, రైసుమిల్లు ఆసామి ప్రెసిడెంటుగా ఒక కమిటీ ఏర్పడింది. స్వాగతగీతాలు పాడించే మనిషి కావాలి కాబట్టి నన్నూ అందులో వేసుకున్నారు.

ఆ గొడవలో అందరికంటే ముందుకు దూకింది బిళ్లాయన. కంట్రాక్టరు మనుషులు మిద్దె కొలతలు తీయడానికి వస్తే మెట్లమీద అడ్డంగా పడుకుని, "గునపం ముందు నామీద పెట్టండి" అన్నాడు. మద్రాసుకు అర్జీ పంపడానికి సంతకాలు కావాలంటే ఆ పని కూడా నెత్తినేసుకున్నాడు. చదువురానివాళ్ల ముద్రలు వేయించడంలో ఆయన్ని మించినవాడు లేడని ప్రెసిడెంటుగారు సంబరపడ్డారు. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. బిళ్లాయన అర్జీ మొత్తం నోటికి పట్టేసి, ముద్ర వేయబోయే ప్రతి మనిషికీ మొదట్నుంచి చివరిదాకా ఒప్పజెప్పేవాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ తర్వాత అడిగేవాడు.

"నీకిష్టమేనా? ఎవరన్నా చెబితే వేస్తున్నావా, నీ అంతట నువ్వే వేస్తున్నావా?"

"నువ్వే కదయ్యా వెయ్యమన్నావు!"

"అయితే వద్దు. రేపొస్తా, ఆలోచించుకో."

మామిడితోటల్లో కాయ కోసేవాళ్లు, వరిచేలో కూలికి పోయేవాళ్లు, వాళ్లకు ఆలోచించుకునే తీరిక ఎక్కడిది? ఇట్లాగైతే అర్జీ మద్రాసు చేరేలోగా కచేరీ దానంతటదే కూలుతుందని ప్రెసిడెంటుగారు మొత్తుకున్నారు. ముసలాయనకు చాదస్తం ముదిరిందని మేమందరం అనుకున్నాం. ఏది ఏమైనా అర్జీ వెళ్లింది, ఉత్తరువు రద్దయింది, కచేరీ నిలబడింది. కలెక్టరుగారిని పిలిచి పండగ చేయాలని తీర్మానించుకున్నాం.

పండగకు కొన్నాళ్లు ముందు నేను పిల్లల చేత ఆ వరండాలోనే పాట సాధన చేయిస్తున్నాను. పాట నేనే కట్టాను, కచేరీని పొగుడుతూ. పిల్లలు నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు ఆయన వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"టీచరమ్మగారూ, మీ మతంలో తప్పు ఒప్పుకుంటే పోద్దంట, నిజమేనా?"

నేను పాదిరిగారి కంటే గంభీరంగా ముఖం పెట్టాను. "ఎవరికి అన్యాయం చేశామో వాళ్ల ముందు ఒప్పుకోవాలి. వాళ్ల పరువు నలుగురిలో పోయి ఉంటే నలుగురిలోనే ఒప్పుకోవాలి. చాటున చెబితే చాలదు" అన్నాను. చెప్పడానికి నాదేం పోయింది?

అప్పుడు ఆయన చెప్పాడు.

"గేటు కాడ ఆ తల్లి ఉందే, ఆవిడ తోటమ్ముకోలేదమ్మా. మొగుడు పోయాడు, పట్టా మీద పేరు మార్పించాలని చెప్పి మరిది తీసుకొచ్చాడు. రిజిస్ట్రారుగారు అడిగారు, ఇష్టపడే రాసిస్తున్నావా అని. ఏం రాసిస్తున్నానండీ అని ఆవిడ నోరు తెరిచింది. మరిది అడ్డమొచ్చి, ఒప్పుకుందండీ అన్నాడు. అయ్యగారికి భోజనాల వేళయింది. నాకు సైగ చేశారు. ఆవిడ బొటనవేలు లోపలికి పెట్టి గుప్పిట మూసేసింది."

ఆయన చెయ్యి లేని బిళ్ల కోసం రొమ్ము మీదకు పోయింది.

"మణికట్టు దగ్గర నొక్కితే ఎంత గట్టి గుప్పిటైనా విచ్చుకుద్దమ్మా. అది నాకొచ్చిన విద్య. విప్పాను. వేయించాను. ముద్ర కాయితానికి తగలగానే ఆవిడ నా మొహంలోకి చూసింది. సాయంత్రానికి మా ఇంటికి బుట్టెడు రసాలొచ్చాయి. నేను తిన్నాను, నా పిల్లలు తిన్నారు. తియ్యగానే ఉన్నాయి."

వరండా చివరి స్తంభం చూపించాడు. ముద్రలు వేసినవాళ్లంతా బయటికొచ్చి సిరా వేలు దానికే తుడిచేవాళ్లు. మనిషెత్తు దాకా అది నల్లగా మేకతోలులా ఉండేది. "అందరూ తుడుచుకుపోతారు. ఆవిడ తుడవలేదమ్మా, తోలు లేచేదాకా అరగదీసింది. ఊళ్లో వాళ్లు ఆవిణ్ణి తోటమ్ముకుందని అంటుంటే విన్నాను. నోరు మెదిపితే ఉద్యోగం పోద్దని ఊరుకున్నాను. ఉద్యోగం అయిపోయాక ఊరుకోవడం అలవాటైంది. కచేరీ పడగొట్టేస్తే ఇక ఏ చోటు చూపించి చెప్పనని ఆ రోజు మెట్ల మీద అడ్డం పడుకున్నాను. కాయితం తిరగరాయలేం. ఆవిడ మీదున్న మాటైనా తిరగరాయాలి. ఆ కొడుకు వినాలి."

తోటమ్ముకుందన్న మాట నా నోటివెంట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. "సభలో మీకు శాలువా కప్పుతారు. అప్పుడు నాలుగు మాటలు మాట్లాడమంటారు. అప్పుడే చెప్పండి" అన్నాను. ఆ సలహా నాది. ఎవరూ అడక్కుండా ఇచ్చాను.

పండగంటే మావాళ్లకు మొదట గుర్తొచ్చేది సున్నం. పెళ్లికైనా, జాతరకైనా, దొరలొచ్చినా గోడకు వెల్ల పడాల్సిందే. చరిత్ర కాపాడామని చెప్పుకుంటూ ఆ చరిత్ర మీద బక్కెట్లతో సున్నం కుమ్మరించాం. బిళ్లాయన ఆ స్తంభాన్ని కౌగిలించుకుని, "ఇదొక్కటి వదిలెయ్యండి" అని బతిమాలాడు. "పెళ్లికూతురి మొహాన మసి ఉంచుతామటయ్యా?" అని ప్రెసిడెంటుగారు నవ్వారు. నల్లదనం పోవడానికి ఆ ఒక్క స్తంభానికీ అదనంగా పూత మీద పూత వేయించారు. మర్నాడు పొద్దున ఆయన తడిగుడ్డతో దాన్ని రుద్దుతూ కనిపించాడు. సున్నం పోయింది గానీ దానితో పాటు నలుపూ ఊడొచ్చింది. మళ్లీ వేశారు.

"మరకలు తీసేశాక ఇందులో ఏముందమ్మా, మిద్దేగా" అని నాతో అన్నాడు. మీరు చెప్పదలచుకున్నది చెబితే చాలు, స్తంభం ఎందుకన్నాను. నిజానికి నాకూ స్తంభం తెల్లగానే బాగుందనిపించింది.

సభ బ్రహ్మాండంగా జరిగింది. మామిడాకుల తోరణాల మధ్య కాయలు గుత్తులుగా కట్టారు. కలెక్టరుగారొస్తుంటే కలెక్టరు రకం మామిడికాయలు కట్టడం మర్యాదా, వెక్కిరింతా అని కమిటీ ఒక పూటంతా తర్కించి, చివరికి బంగినపల్లి కట్టింది. అతిథులకు పండ్లు ఆ తోటలోంచే వచ్చాయి. బుట్టలు మోసుకొచ్చిన గేటు దగ్గరావిడ కొడుకు, దించేసి వెళ్లిపోక, తెల్లని ఆ చివరి స్తంభానికి ఆనుకుని సభ చూస్తూ నిలబడ్డాడు. తల్లి గేటు దగ్గర తన చోటులోనే ఉంది. ఇద్దరికీ మధ్య సభంతా ఉంది.

శాలువా కప్పారు. ఈ కచేరీని కాపాడిన పుణ్యాత్ముడని ప్రెసిడెంటుగారు పొగిడారు. బిళ్లాయన లేచి నిలబడి, కలెక్టరుగారికి పాత అలవాటున సలాం కొట్టి, జనం వైపు తిరిగాడు. కొడుకును చూశాడు. గేటు వైపు చూశాడు.

"అయ్యా, నేను పుణ్యాత్ముణ్ణి కాదండి. ఈ కచేరీలో, ఈ చేత్తో..."

చెయ్యి పైకెత్తి అట్లాగే నిలబడి ఏడ్చాడు. జనం ఆనందబాష్పాలనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన కళ్లు తుడుచుకుని, "ఆగండి, చెప్పనివ్వండి" అన్నాడు. కలెక్టరుగారు గడియారం చూసుకున్నారు. ప్రెసిడెంటుగారు నాకేసి చేయి ఊపారు. పాట ఎత్తుకోమని సైగ.

ఆయన ఏం చెప్పబోతున్నాడో ఆ సభలో నా ఒక్కదానికే తెలుసు. పిల్లలు లేచి నిలబడి నా ముఖం చూస్తున్నారు. కాసేపు ఆగండని ప్రెసిడెంటుగారికి చెప్పొచ్చు. ఆయన కోప్పడితే పడనీ అనుకోవచ్చు. అంత పెద్దమనుషుల ముందు అభాసవుతుందని, బడికి కొత్త గది కట్టిస్తామన్న మాట పోతుందని, ఇంకా ఏమేమో ఒక్క క్షణంలో తోచాయి. శ్రుతి ఇచ్చాను. పిల్లలు అందుకున్నారు. నేనూ పాడాను, గట్టిగా. పైఅధికారి సైగకు పని జరిగిపోవడం ఆయన చేతికే అలవాటు అనుకున్నాను. నా గొంతుకూ అలవాటేనని అప్పుడు తెలిసింది.

పాట అయ్యేసరికి కలెక్టరుగారు కారెక్కారు. కొడుకు ఖాళీ బుట్టలు నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను పిల్లల్ని వరసలో నిలబెట్టి గేటు దాటిస్తుంటే బిళ్లాయన ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ పొద్దు జరిగిందంతా చెబుతున్నాడు, గుప్పిట, మణికట్టు, బుట్టెడు రసాలు. ఆవిడ చివరిదాకా వింది.

"నాకు చెబుతావేంటయ్యా? నా గుప్పిట విప్పింది నువ్వని నాకు తెలవదా?" అంది. "ఊళ్లో ఇంకెక్కడా చోటు లేక ఇక్కడ కూర్చున్నాననుకున్నావా? నీ కళ్ల ముందుంటే ఎప్పటికైనా చెబుతావని కూర్చున్నా. నేను చెబితే నమ్మినోడు లేడు. నా చెవిలో చెబితే నాకేం ఒరిగిద్ది? నా కొడుకు ఇందాకటిదాకా అక్కడే నిలబడ్డాడు."

"పాట మొదలైంది తల్లీ" అన్నాడాయన.

ఆవిడ నా వైపు చూడలేదు. చూసి ఒక మాట తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఆయన తోటకు వెళ్లాడు. కొడుకు కాయ బండి తోలుకుని బెజవాడ పోయాడన్నారు. మళ్లీ వెళదామనుకుంటుండగానే పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. నేను చూడటానికి వెళితే మంచంలోంచి నా బొటనవేలు పట్టుకుని వదిలేవాడు కాదు. వేలు కాదు, నోరు కావాలని అడుగుతున్నాడని నాకు అర్థమయ్యేది. వెళ్లి చెబుతానని తల ఊపేదాన్ని. బడి తెరిచారు, వానలొచ్చాయి, క్రిస్మసు వచ్చింది, పరీక్షలొచ్చాయి. ఒక మనిషి మంచంలో ఎదురుచూస్తుంటే నాకు వీలు చిక్కలేదు. ఇంకో కాపు వచ్చేసింది.

ఆయన పోయాడని విన్న ఈ పూట, పండ్ల సంచీతోనే తోటకు వెళ్లాను. కొడుకు కాయ కోయిస్తున్నాడు. నన్ను చూసి తలగుడ్డ తీసి, మంచం వాల్చి కూర్చోమన్నాడు. అంతా చెప్పాను, ఒక్క ముక్క దాచకుండా. అతను వింటూ వింటూ కోసిన కాయల తొడిమలు తుంచుతూనే ఉన్నాడు.

"మా అమ్మ పంపిందా అండీ మిమ్మల్ని?"

"లేదు నాయనా. ఆయనే నాతో చెప్పాడు."

"చచ్చిపోయినాయన మీద ఏదైనా చెప్పొచ్చు కదండీ. ఆ రోజు ఆయన మాట్లాడుతుంటే నేనక్కడే ఉన్నాను. ఇట్లాంటిదేం అనలేదే! శాలువా కప్పారు, ఏడిచాడు, అంతే."

"అనబోయాడు. మేం పాట..."

అతనికి నా మీద జాలేసినట్టుంది. నాలుగు మంచి రసాలు ఏరి నా సంచిలో వేశాడు.

"పాట మాత్రం ఎంత బాగుందండీ! మా తోటలో కూలోళ్లు ఇప్పటికీ పాడుకుంటారు."